గాడిలో దిగిన గొట్టం

2015 జూన్‌లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో డౌన్‌హిల్ ప్రపంచ కప్పు పోటీ జరిగింది. గేటు దాటీ దాటగానే ఆరన్ గ్విన్ సైకిలు చైను తెగిపోయింది. ఇక పెడలు తొక్కినా కాళ్ళు ఊరికే తిరగడమే. అతను తొక్కడం మానేసి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, కొండంతా అలాగే దిగాడు. గెలిచాడు. బర్మింగ్‌హామ్‌లో మా మేనల్లుడి గదిలో ఆ వీడియో చూశాక నేనడిగిన మొదటి మాట, "మరి దీనికి చైనెందుకురా?"

వాడు నవ్వాడు గానీ నేను నవ్వులాటకి అడగలేదు. ఐటీఐలో ముప్పై ఏళ్ళు ఫిట్టరు ట్రేడు చెప్పినవాణ్ణి. ఏ వస్తువు చేతికొచ్చినా, దీంతో చేయించుకునే పని ఏమిటి అన్న దగ్గరే మొదలుపెడతాను. డౌన్‌హిల్ సైకిలుకి ఉన్నది ఒక్కటే పని. కొండ మీంచి పడాలి, పడుతూ టైము పోగొట్టుకోకూడదు. అందుకే ముందు చక్రం, వెనక చక్రం చెరో 200 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడతాయి. ముందు ఫోర్కుకి మోటారు సైకిలుకి ఉన్నట్టు కిందా పైనా రెండు పట్టీలుంటాయి. గేర్లు ఏడు చాలు. బ్రేకు డిస్కులు అన్నం పళ్ళేలంత. బరువు 16, 17 కిలోలు. మా నాన్న తొక్కిన హెర్క్యులస్ ఇంతకన్నా బరువే. అది బియ్యం బస్తా మోసేది, కొండ మాత్రం దిగేది కాదు.

మావాడి గొడవ వేరే. వాడికి పందెం దారులూ కావాలి, ఫ్రీరైడు దారులూ కావాలి. ఫ్రీరైడులో గడియారం ఉండదు. మట్టి దిబ్బ మీంచి ఎగరడం, గాల్లో బండిని పక్కకి వాల్చడం, రాతి అంచు మీంచి దూకి నిటారు వాలు మీద దిగడం, అదంతా దాని కిందికే వస్తుంది. అమెరికాలో యూటా రాష్ట్రపు ఎర్రమట్టి కొండల్లో, వర్జిన్ అనే ఊరి దగ్గర 2001 నుంచి రెడ్ బుల్ ర్యాంపేజ్ జరుగుతోంది. అక్కడ ఎవరి దారి వాళ్ళే తవ్వుకుని దిగుతారు. మార్కులు వేసేది జడ్జీలు. రెండు బళ్ళు కొనే స్తోమత మావాడికి లేదు. కొన్నా అద్దెగదిలో పెట్టుకునే చోటు లేదు. "ఒక్కటే కొంటాను మావయ్యా, రెండు పనులూ చేసేది చెప్పు," అన్నాడు. నాకేం తెలుసని అడిగాడో గానీ, శనివారం పొద్దున్నే రైలెక్కించాడు.

బర్మింగ్‌హామ్ నుంచి వేల్స్ లోపలికి పోయే ఆ రైలు మహంథ్లెత్ అనే చిన్న ఊళ్ళో ఆగుతుంది. స్టేషను బోర్డు మీద అక్షరాలు చదివితే పేరు ఇలా పలకాలని ఎవరికీ తట్టదు. పక్కన డవీ లోయ, చుట్టూ పలకరాయి కొండలు. ఆథర్టన్ల బైక్ పార్కు అక్కడే. డాన్, గీ, రేచల్ అని ఒక ఇంటి అన్నదమ్ములూ చెల్లెలూ. 2008లో ఇటలీలోని వాల్ ది సోలేలో గీ మగవాళ్ళ ప్రపంచ ఛాంపియన్, రేచల్ ఆడవాళ్ళ ప్రపంచ ఛాంపియన్. 2016లో రేచల్ ఆ ఏడాది ప్రపంచ కప్పు పోటీలన్నీ గెలిచింది, ఒక్కటీ వదల్లేదు. గీ పందేల మనిషే అయినా 2010 ర్యాంపేజ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. పెద్దవాడు డాన్‌ది పార పట్టిన చెయ్యి. ఈ లోయలోనే 2014లో మొదలైన రెడ్ బుల్ హార్డ్‌లైన్ దారి గీసింది, తవ్వింది అతనే. ఆ పోటీలో గడియారమూ ఉంది, చూస్తే కడుపులో తిప్పే దూకుళ్ళూ ఉన్నాయి. మావాడు అడిగిన రెండు పనులూ ఒకే ఇంట్లో ఉన్నాయన్నమాట. ఆ ఇల్లు 2019లో సొంతంగా సైకిళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది. వాళ్ళ డౌన్‌హిల్ బండి పేరు ఏఎం 200.

పార్కు దగ్గర వ్యాన్లు మనుషుల్నీ సైకిళ్ళనీ పైకి మోస్తుంటాయి. వరసలో నిలబడ్డ ఒక నడివయసు ఆసామి దగ్గర ఆ బండి కనిపించింది. చూడొచ్చా అని మావాడితో అడిగించాను. అతను బండి నా చేతికిచ్చి టీ తాగడానికి వెళ్ళాడు. బండిని అలా పరాయివాడి చేతికిచ్చి పోయేవాళ్ళని నేను మా ఊరి సైకిలు షాపు దగ్గరే చూశాను.

దూరం నుంచి దీనికి గొప్ప అందమేమీ లేదు. పక్కన ఆగిన కార్బన్ బళ్ళు ఒకే ముద్దలోంచి సాగదీసినట్టు నున్నగా, వంపులు తిరిగి ఉన్నాయి. ఇదేమో నిక్కచ్చిగా గొట్టాలు గొట్టాలుగా, అతుకు దగ్గర అతుకు కనబడుతూ ఉంది. నల్లటి కార్బన్ గొట్టం, దాని కొసన బూడిద రంగు లోహపు లగ్గు. లగ్గు మనకి కొత్త కాదు. పాత హెర్క్యులస్, అట్లాస్ సైకిళ్ళలో హ్యాండిలు కింద, సీటు కింద, పెడళ్ళ దగ్గర గొట్టాలు దూరే ఇనప తొడుగులు లగ్గులే. గొట్టాన్ని లోపలికి దించి, ఎర్రగా కాల్చి, ఇత్తడి కరిగించి పోస్తే, సందులోకి తనంతట తానే పాకిపోయి పట్టేస్తుంది. నాన్న సైకిలు లగ్గు అంచు ఆకు కొసలాగా సన్నగా తేలి ఉండేది. అది అలంకారమని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, లోహం మందం ఒక్కసారిగా మారకుండా, బరువు ఒకే గీత మీద పడకుండా చేసిన ఏర్పాటు అది.

ఈ బండి లగ్గుని ఎవరూ పోత పోయలేదు, చెక్కలేదు. టైటానియం పొడిలోంచి పుట్టించారు. ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వనేడియం కలిసిన మిశ్రమం. విమానాలకీ రాకెట్లకీ వాడే సరుకు. హైదరాబాదు మిధానిలో పనిచేసిన మా శిష్యులకి ఆ పేరు చెబితే చాలు, కళ్ళు మెరుస్తాయి. గాలి చొరబడకుండా ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో, వెంట్రుక మందం కూడా లేని పొర పొడిని పరుస్తారు. లగ్గు ఉండాల్సిన చోట మాత్రం లేజరుతో కరిగిస్తారు. దాని మీద మరో పొర, మళ్ళీ లేజరు. ఇలా గంటల తరబడి. చివరికి పొడి దులిపితే లోపల లగ్గు మిగులుతుంది. ఈ అచ్చు యంత్రాలు రెనిషా కంపెనీవి. ఆ పేరు వినగానే నాకు పాత చుట్టం కనబడినట్టయింది. మా ట్రేడు వాళ్ళకి రెనిషా అంటే కొలత పరికరం. కాంకార్డ్ విమానపు ఇంజన్ గొట్టాలు కొలవడానికి 1970ల మొదట్లో డేవిడ్ మెక్‌మర్ట్రీ ఒక తాకుడు ముల్లు కనిపెట్టాడు, దాని మీద పుట్టిన కంపెనీ. కొలిచే చేతులే ఇప్పుడు అచ్చు వేస్తున్నాయి. ఈ లగ్గుల పద్ధతికి పునాది వేసింది మాత్రం 2016లో రోబోట్ బైక్ కంపెనీ అనే చిన్న బ్రిటిష్ సంస్థ. ఆథర్టన్లు దాన్నే తెచ్చుకుని పెంచారు.

అసలు పనితనం బయటికి కనబడదు. లగ్గు నోరు ఒంటి గోడ కాదు, రెండు గోడలు. లోపల ఒకటి, బయట ఒకటి, మధ్యలో సన్నటి గుండ్రటి గాడి. కార్బన్ గొట్టం అంచు ఆ గాడిలోకి దిగుతుంది. గొట్టానికి లోపలివైపూ బంక, బయటివైపూ బంక. ఇంత కష్టం ఎందుకంటే, బంక స్వభావం అలాంటిది. గాయం మీద ప్లాస్టరు చూడండి. ఒక మూల పట్టుకుని పైకెత్తితే చక్కగా ఊడొస్తుంది. చర్మానికి సమాంతరంగా లాగితే చర్మం వస్తుందేమో గానీ ప్లాస్టరు రాదు. బంక జారుడుని ఓర్చుకుంటుంది, లేపడాన్ని ఓర్చుకోదు. ఒంటి గోడ తొడుగులో గొట్టం వంగబోతే అంచు దగ్గర ఆ లేపడం మొదలవుతుంది. రెండు గోడల మధ్య గొట్టం ఎటు వంగాలన్నా ఏదో ఒక గోడ అడ్డం వస్తుంది. బంక మీద పడేది మటుకు జారుడే. క్లాసులో బోర్డు మీద గీసి చెప్పిన ల్యాప్ జాయింటు ఇలా గుండ్రంగా, గాడిలో దాక్కుని, ఒక మనిషి ప్రాణాన్ని మోస్తూ కనబడుతుందని నేననుకోలేదు. అతుకు మీద బొటనవేలు గోరు పెట్టి చుట్టూ తిప్పాను. గోరు ఎక్కడా తట్టలేదు.

టైటానియమే ఎందుకు, అల్యూమినియం చవక కదా అంటే, దానికీ లెక్కుంది. 1980లలో అల్యూమినియం తొడుగుల్లో కార్బన్ గొట్టాలు అతికించి రోడ్డు సైకిళ్ళు చేశారు. వాటిలో కొన్ని కొన్నేళ్ళకి అతుకుల దగ్గర వదులయ్యాయి. కార్బన్, అల్యూమినియం రెండూ తడిలో తాకితే బ్యాటరీలో పలకల్లాగా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. పైగా అల్యూమినియం వేడికి సాగడం టైటానియం కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ, కార్బన్ దాదాపు సాగదు. ఎండలో, చలిలో ఈ ఇద్దరి పంతం మధ్య నలిగేది బంకే. టైటానియానికి కార్బన్‌తో ఆ పేచీ లేదు. వేల్స్ వానలో ఏడాదంతా తిరిగే బండికి ఇది చిన్న సంగతి కాదు.

పనితనం బాగుంది సరే, మావాడి రెండు పనుల మాటేమిటి? దానికి జవాబూ ఈ లగ్గుల్లోనే దొరికింది నాకు. మామూలు కార్బన్ ఫ్రేముకి ఉక్కు అచ్చు కావాలి. ఒక్కో సైజుకి ఒక్కో అచ్చు, ఒక్కోటీ మహా ఖరీదు. అందుకే కంపెనీలు నాలుగైదు సైజులతో సరిపెడతాయి, మనిషే సర్దుకోవాలి. ఇక్కడ అచ్చే లేదు. కంప్యూటరులో కోణం మారిస్తే లగ్గు కోణం మారుతుంది, గొట్టం ఒక అంగుళం పొడుగు కోస్తే ఫ్రేము పెరుగుతుంది. అలా వీళ్ళు 22 సైజులు ఇస్తారు. దర్జీ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు, కావాలంటే ఇంకా సొంతంగా కూడా చేయించుకోవచ్చు.

పందెం బండి పొడుగ్గా ఉండాలి. ఇరుసుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే, రాళ్ళ మీద వేగంగా పోయేటప్పుడు అంత నిబ్బరం. ఫోర్కు వాలు కూడా ఎక్కువుండాలి, నేల నుంచి 63 డిగ్రీల దగ్గరలో. ఫ్రీరైడుకి ఆ పొడుగే శత్రువు. దిబ్బ కొసన ముందు చక్రం లేపాలన్నా, గాల్లో బండిని తిప్పాలన్నా పొట్టిది చెప్పిన మాట వింటుంది. కాబట్టి ఒకే బండి రెండింటికీ కావాలనుకునేవాడు తన ఎత్తుకి షాపువాడు చెప్పే పందెం సైజు కాకుండా ఒక మెట్టు తగ్గించుకోవాలి. ముఖ్యంగా పెడళ్ళ నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న దూరం తగ్గాలి. నాలుగు సైజుల్లో ఒక మెట్టు దిగితే బండి మరీ చిన్నదైపోతుంది. 22 మెట్లుంటే దిగడం సులువు. అండొర్రా దేశపు కమెన్సాల్ వాళ్ళు ఈ చిక్కుని ఇంకోలా విప్పారు. పందేలకి సుప్రీం, పార్కుకీ ఫ్రీరైడుకీ ఫ్యూరియస్ అని రెండు వేరు బళ్ళు చేశారు, రెండూ వెల్డింగు చేసిన అల్యూమినియమే. అది నిజాయితీ గల పద్ధతి. నాలాంటివాడు డబ్బు లెక్క చూసుకుంటే ఫ్యూరియస్ దగ్గరే ఆగిపోతాడు. ఏఎం 200 ఖరీదు బుల్లెట్టు బండి ధరకి రెట్టింపు దాటిపోతుంది. ఇది మావాడికి రైలు దిగకముందే తెలుసనీ, నాకు చెప్పలేదనీ తర్వాత బయటపడింది.

ఇక వెనక చక్రం ఆడే తీరు. దీన్ని గీసింది డేవ్ వీగల్. ఒకప్పుడు శామ్ హిల్ ప్రపంచ కప్పు గెలిచిన ఐరన్ హార్స్ సండే బండికి డీడబ్ల్యూ లింకు ఇచ్చిన అమెరికన్ ఇంజనీరు. ఆథర్టన్ల కోసం ఆరు కడ్డీల లింకు గీశాడు. నాలుగు కడ్డీల యంత్రాంగం నేను పాఠం చెప్పినదే. అందులో ఒక కడ్డీ పొడుగు మారిస్తే అన్నీ మారిపోతాయి. తొక్కినప్పుడు చైను లాగే బలం, బ్రేకు వేసినప్పుడు వెనక బిగుసుకునే తీరు, స్ప్రింగు నొక్కుకునే వరస, అన్నీ ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని ఉంటాయి. ఆరు కడ్డీలుంటే ఒకదాన్ని కదపకుండా ఇంకోదాన్ని సరిచేసుకునే వీలు పెరుగుతుంది. బేరింగులూ పెరుగుతాయి. మన సైకిలు షాపుల్లో ఓవరాయిలింగు అనే పని ఈ బండికి రెట్టింపు.

చక్రం 200 మిల్లీమీటర్లు కదిలితే లోపల షాకు కదిలేది ఇలాంటి బళ్ళలో సాధారణంగా 75 మిల్లీమీటర్లే. అంటే సగటున రెండున్నర రెట్లు పైచిలుకు మీట. ఆ మీట మొదట్లో ఎక్కువగా, చివర్లో తక్కువగా ఉండేట్టు గీస్తే, పైన మెత్తగా, అడుగున గట్టిగా ఉంటుంది. కొనబోయేవాడు చూడాల్సింది ఇదే, ఎన్ని మిల్లీమీటర్లు ఆడుతుందన్నది కాదు. అంతా మెత్తగా ఉన్న బండి రాళ్ళ మీద పట్టులా పోతుంది. కానీ దిబ్బ కొసన దాన్ని తన్ని ఎగరబోతే తన్నుని మింగేస్తుంది. ఇసకలో నిలబడి ఎగరబోయినట్టు ఉంటుంది. అంతా గట్టిగా ఉంటే ఎగురుతుంది, దిగేటప్పుడు నడుం విరుగుతుంది. సీటు మీద రెండు చేతులూ వేసి నా బరువంతా వదిలాను. మొదటి అంగుళం అసలు అడ్డే లేనట్టు దిగిపోయింది. ఆ తర్వాత ఎక్కడో, ఇక్కడని చెప్పలేని చోట, కింద నుంచి ఒక అరచెయ్యి వచ్చి నా చేతుల్ని మోసింది. చివరిదాకా నొక్కలేకపోయాను.

2023 జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని లెంజర్‌హైడ్‌లో, గాయం నుంచి, కాన్పు నుంచి కోలుకుని నాలుగేళ్ళ తర్వాత ప్రపంచ కప్పుకి దిగిన రేచల్ ఇంటి బండి మీదే గెలిచింది. ఆ ఆగస్టులో స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియంలో ప్రపంచ ఛాంపియన్ అయిన ఛార్లీ హాటన్, రెండోవాడు ఆండ్రియాస్ కోల్బ్ ఇద్దరూ ఆథర్టన్ల బళ్ళ మీదే దిగారు. గీ అదే వంగడం బళ్ళతో కత్తి అంచులాంటి కొండ శిఖరాల మీంచి దిగి వీడియోలు తీశాడు. గడియారం ముందూ, అగాధం ముందూ ఒకే అతుకు నిలబడింది. ఏ ల్యాబు పరీక్షా ఇంతకన్నా గట్టి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

మిగతావి మార్చుకునే సామాన్లు. వాటి గురించి ఎక్కువ మథనపడనక్కర్లేదు. ముందు 29 అంగుళాల చక్రం, వెనక 27.5 వేసుకోవడం ఫ్రీరైడు చేసేవాడికి నయం. నిటారు వాలులో వెనక్కి వంగితే టైరు పిర్రకి రాసుకోదు. 2019 నుంచి పందేల్లోనూ ఆ జోడీకి అనుమతి ఉంది. హ్యాండిలు గిర్రున తిప్పే విన్యాసాలు చేసేవాళ్ళు రెండు పట్టీల ఫోర్కు తీసేసి ఒక పట్టీది వేయించుకుంటారు. మావాడికి ఆ స్థాయి ఇంకా రాలేదు, రాకపోతే మా అక్క సంతోషిస్తుంది. రిమ్ములు అల్యూమినియంవి చాలు. వంగితే బెండు తీయించుకోవచ్చు. బ్రేకుల దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. కాలిఫోర్నియాలో 1976 అక్టోబరులో మొదలైన ఒక కొండ దిగే పందేనికి రీప్యాక్ అని పేరొచ్చింది. ఆ రోజుల్లో పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్బులో గ్రీజంతా పొగై పోయేది, మళ్ళీ కొత్త గ్రీజు నింపుకోవాల్సి వచ్చేది. పందెం పేరే ఓవరాయిలింగు అన్నమాట.

ఆసామి టీ తాగి వచ్చాడు. బండి అప్పగిస్తూ ఆ అతుకు లోపల రెండు గోడలుంటాయి కదా అని సైగలతో అడిగాను. అతను రెండు వేళ్ళ మధ్య మూడో వేలు దూర్చి చూపించి తలూపాడు. భాష అక్కర్లేకపోయింది.

మావాడు ఆ రోజు అద్దె బండి తీసుకుని ఏడుసార్లు దిగాడు. ఏడోసారి వచ్చినప్పుడు మొహం మీద కళ్ళు తప్ప అంతా బురదే. "ఎట్టా ఉందిరా?" అంటే, "దూకేటప్పుడు మింగేస్తోంది మావయ్యా," అన్నాడు. సైజు చూశాను. వాడి ఎత్తుకి షాపువాడు చెప్పే సైజే. బండిని తలకిందులు చేసి నిలబెట్టాను. కింది లింకు సందులో ఒక పలకరాయి పెచ్చు ఇరుక్కుని ఉంది. జేబులోంచి పెన్ను తీసి, మూత కొసతో దాన్ని మెల్లగా బయటికి తోస్తూ, నీ కాళ్ళ పొడుగు ఎంతో చెప్పరా అన్నాను.